దిమ్మె ఎక్కిన మూతి బస్సు

గ్యారేజీలో కొత్తగా చేరేవాళ్ళకు పనికొచ్చే మాటలు నాలుగు రాసిపెట్టమని మావాళ్ళు అడిగారు. నేను మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయినవాణ్ణి. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో రాయను. అది మీకెందుకూ పనికిరాదు. మా డిపో ఏదో కూడా చెప్పను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగే బస్సులు ఎప్పుడో ఒకప్పుడు మా గ్యారేజీలో మరమ్మతు గుంత మీద నిలబడ్డవే అనుకోండి, చాలు.

క్లచ్ ప్లేటు మార్చడం, బ్రేకులు సరిచేయడం నేర్పడానికి మీకు మంచివాళ్ళే ఉన్నారు. నేను ఒక్క బస్సు సంగతి చెబుతాను. దాన్ని బాగుచేశాం, తిప్పాం, చివరికి మేమే ఆపేశాం. నా ఉద్యోగంలో అంత సంతోషం ఇచ్చిన పని ఇంకొకటి లేదు. అంత బాధ మిగిల్చిన పనీ లేదు.

రిలీఫ్ వ్యాను

పాతకాలం బస్సులకు ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, లారీకి ఉన్నట్టు మూతి ఉండేది. మావైపు జనం మూతి బస్సు అనేవాళ్ళు. అవన్నీ ఎప్పుడో తుక్కుకు పోయాయి. మా డిపోలో మాత్రం ఒకటి బతికిపోయింది. ప్రయాణికులను ఎక్కించుకునే వయసు దాటిపోయాక దాని సీట్లు పీకేసి, లోపల జాకీలు, టైర్లు, ఇనుప తాళ్ళు వేసి రిలీఫ్ వ్యానుగా వాడుకునేవాళ్ళం. ఏ బస్సయినా దారిలో ఆగిపోతే దాన్ని తీసుకుని వెళ్ళేవాళ్ళం. ఆ తర్వాత కొత్త రిలీఫ్ వ్యాను వచ్చింది. దీన్ని షెడ్డు వెనక సర్కారు తుమ్మ చెట్ల దగ్గర నిలిపేశాం.

రఘునాథరెడ్డి గారని ఒక మేనేజరు వచ్చారు. చేరిన వారంలోనే గ్యారేజీ చుట్టూ నడిచి, ఆ తుమ్మ కంపల దగ్గర నిలబడిపోయారు.

"సుబ్బయ్యా, ఇది నడుస్తాదా?"

"నడిపిస్తే నడుస్తాది సార్. ఎందుకు నడపాల అన్నదే తెలీదు."

ఆయన నవ్వి, "ఎందుకో తర్వాత చూద్దాం. ముందు కంపలు కొట్టించు," అన్నారు.

రోజువారీ పని అయ్యాక దాని మీద కూర్చున్నాం. దొరకని సామాను మేమే చేసుకున్నాం. కిటికీల చట్రాలకు జమ్మలమడుగులో ఒక వడ్రంగిని పట్టుకున్నాం. ఇంజను మళ్ళీ అందుకున్న పొద్దున గ్యారేజీలో ఎవరూ పని చేయలేదు. అందరం చుట్టూ నిలబడి చూశాం.

తర్వాత ఒక తెలివితక్కువ పని చేశాం. బండి అందంగా ఉండాలని మేనేజరు గారు ముచ్చటపడ్డారు. మేమూ తలలూపాం. మెత్తటి స్పాంజి సీట్లు వేశాం. రంగు దీపాలు, కొత్త గాలి హారను, పాటల పెట్టె బిగించాం. పెళ్ళికొడుకు కారులా తయారైంది. చూసిన ప్రతివాడూ బాగుందన్నాడు. మేమూ నమ్మాం.

ఎక్కడానికి వచ్చినవాళ్ళు

ఎవరో దాని ఫొటో ఫోనులో పెట్టారు. నెల తిరక్కుండానే బెంగళూరు నుంచి కొంతమంది దిగారు. పాత బస్సులంటే పడిచచ్చే మనుషులు. ఎక్కడ పాత బండి నడుస్తోందని తెలిస్తే అక్కడికి పోయి ఎక్కి తిరిగి వస్తారు. వాళ్ళ పెద్ద నరసింహమూర్తి గారు, బడి పంతులుగా చేసి రిటైరైన మనిషి. బక్కగా, తెల్లగా, ఎండకు టోపీ పెట్టుకుని ఉన్నారు.

మా కండక్టర్లు పక్కకు పోయి నవ్వుకున్నారు. "పనిలేనోళ్ళప్పా! బస్సు ఎక్కేదానికి బెంగళూరు నుంచి వస్తారా? ఆడ బస్సులు లేవా ఏంది?" అన్నాడు ఒకడు. నేనూ నవ్వాను.

మూర్తి గారు బండి ఎక్కి ఒక సీట్లో కూర్చుని, లేచి, ఇంకో సీట్లో కూర్చున్నారు. ముఖం చిన్నబోయింది.

"నచ్చలేదా సార్?" అన్నారు రఘునాథరెడ్డి గారు.

"తప్పుగా అనుకోకండి. చాలా కష్టపడ్డారు. కానీ ఈ మెత్తటి సీట్లో కూర్చుంటే బండి మాకు తెలియదండీ. మా ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టే ఉంది. మేం ఇంత దూరం వచ్చింది ఆ చెక్క సీటు కోసం, ఆ చప్పుడు కోసం."

మేనేజరు గారు కోపం తెచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన నావైపు తిరిగారు. "విన్యావా సుబ్బయ్యా? మనం ఎక్కేటోళ్ళను అడగనేలేదు," అన్నారు.

కొత్తగా చేరేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. బండి మీది కాదు, దాన్ని ఎక్కేవాళ్ళది. స్పాంజి సీట్లు పీకి, చెక్క బల్లల మీద పలచటి రెగ్జిన్ కొట్టించాం. పాటల పెట్టె తీసేశాం. డ్రైవరు చేత్తో నొక్కే రబ్బరు బుడగ హారను తెచ్చి పెట్టాం.

మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళు ఎక్కిన తీరు చూడాలి. మూర్తి గారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కారు. మా పెద్ద డ్రైవరు ఓబులేసు బండి తీశాడు. ప్రొద్దుటూరు దాటేదాకా వాళ్ళు పిల్లల్లా అరిచారు. తర్వాత ఒక్కొక్కరే మాటలు మానేశారు. నల్లరేగడి చేల మధ్య రోడ్డు సాగుతుంటే కిటికీల అద్దాలు గలగలమంటున్నాయి, ఇంజను వేడి కాళ్ళకు తగులుతోంది. ఒకాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. జమ్మలమడుగు దాటి పెన్నా వంతెన మీదికి ఎక్కగానే చప్పుడు మారింది. కింద ఇసుక, పైన ఖాళీ. ఆ మారడం కోసమే కాచుకున్నట్టు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నేను ఏళ్ళ తరబడి బండ్ల చప్పుడు విన్నవాణ్ణే. కానీ రోగమేమిటో పట్టుకోవడానికి విన్నాను. బేరింగు పోయిందా, బెల్టు వదులైందా అని విన్నాను. చప్పుడును సంతోషం కోసం వినే మనుషులు ఉంటారని ఆ రోజే తెలిసింది. పులివెందుల చేరేసరికి నేనూ ఏ రోగమూ వెతక్కుండా కూర్చున్నాను.

కువైట్ మస్తాన్

ఆ తర్వాత ఆ ప్రయాణాలు అలవాటుగా మారాయి. సెలవు రోజుల్లో తిప్పేవాళ్ళం. బెంగళూరు వాళ్ళే కాదు, తిరుపతి నుంచి, అనంతపురం నుంచి వచ్చేవాళ్ళు. ఒకామె సింహాద్రిపురం బడిలో టీచరుగా చేరిన కొత్తలో రోజూ ఇలాంటి బస్సులోనే వెళ్ళేదట. తన చెల్లెళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. దిగేటప్పుడు బండి రేకును చేత్తో నిమిరి వెళ్ళింది.

వీళ్ళందరిలో నాకు దగ్గరైనవాడు మస్తాన్. ప్రొద్దుటూరు పిల్లవాడే. కువైట్‌లో పెద్ద ఏసీ బస్సు నడిపేవాడు. సెలవు మీద వస్తే రెండో రోజే మా గ్యారేజీ గేటు దగ్గర ఉండేవాడు.

"వచ్చినావా? ఇంట్లో వాళ్ళను చూసుకున్యావా లేదా?" అనేవాణ్ణి.

"చూసినా మామా. ఇప్పుడు దీన్ని చూడాల."

డ్రైవరు పక్కన ఇంజను దగ్గరి సీటు వాడిది. ఇంకెవరైనా కూర్చుంటే బతిమాలి లేపేవాడు. ఒకసారి అడిగాను, అంత పెద్ద బండ్లు నడిపేవాడికి ఇందులో ఏముందని.

"ఆడ నేను నడిపేది ఓడ మాదిరి ఉంటాది మామా. లోపల సల్లగా ఉంటాది, సప్పుడే ఉండదు. నడుపుతాండానో నిద్రపోతాండానో నాకే తెలీదు. దీంట్లో కూసుంటే రోడ్డు అరికాల్లోకి వస్తాది. మా అబ్బాజాన్ లారీ నడిపేటోడు. ఆయన పక్కన కూసున్నట్టు ఉంటాది."

ఓబులేసుకు వయసు మీదపడుతోంది. స్టీరింగు తిప్పడానికి భుజాలు నొప్పెడుతున్నాయని అంటుండేవాడు. ఒకరోజు గండికోట రోడ్డులో ఖాళీ జాగాలో బండి ఆపి, మస్తాన్‌ను కూర్చోబెట్టి నడపమన్నాడు. వాడు గేరు వేసిన తీరు చూసి ఓబులేసు నాతో, "నా తర్వాత ఈనికి ఇచ్చేయండప్పా. ఈ అబ్బి బండిని కొట్టడు, అడుగుతాడు," అన్నాడు.

మస్తాన్ ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. కువైట్ మానేసి వచ్చేస్తానని, బతుకుతెరువుకు ఇక్కడే ఏదో ఒక బండి నడుపుకుంటానని, సెలవు రోజుల్లో మాత్రం మూతి బస్సు తనకే ఇవ్వాలని అన్నాడు. రఘునాథరెడ్డి గారు సరేనన్నారు. కానీ ఆయనకు బదిలీ అయింది. పోయేటప్పుడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "జాగ్రత్త సుబ్బయ్యా," అని వెళ్ళిపోయారు.

శనగ చేను

ముద్దనూరు దాటాక పులివెందుల దారిలో కొండ ఎక్కి దిగాలి. ఆ రోజు బండి నిండా మనుషులు ఉన్నారు. నేను వెనక మెట్టు దగ్గర నిలబడ్డాను. దిగువలో మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద, మంద మధ్యలో కాపరి.

ఈ కాలం బండి అయితే టక్కున ఆగేది. పాత బండి అలా ఆగదు. దానికి ముందు నుంచి చెప్పుకోవాలి, అది మెల్లగా వింటుంది. ఓబులేసు రెండు కాళ్ళ మీదా లేచి బ్రేకు తొక్కాడు. ఆగదని తెలిసిపోయింది కాబోలు, స్టీరింగును పక్కకు తిప్పేశాడు. బండి రోడ్డు దిగి, గట్టు దాటి, శనగ చేలోకి పోయి, మట్టిలో కూరుకుని ఆగింది.

ఒక్క గొర్రె పోలేదు. కాపరి మీద గీత పడలేదు. లోపల అందరూ ముందుకు పడ్డారు. మూర్తి గారి చెయ్యి ముందు సీటు కమ్మీకి తగిలి విరిగింది.

ఓబులేసు కిందికి దిగి, చేలో కూలబడి ఏడ్చాడు. మూర్తి గారు విరిగిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని, నొప్పితో ముఖం వంకర పోతున్నా ఓబులేసు దగ్గరికి పోయి నిలబడ్డారు.

"ఓబులేసు గారూ, ఆ మనిషిని కాపాడారు. ఏడవకండి. చెయ్యి అతుక్కుంటుంది."

మూర్తి గారిని పులివెందుల ఆసుపత్రికి పంపించాను. సాయంత్రానికి బండిని చేలోంచి లాగాం. మూతి కొద్దిగా సొట్ట పోయింది, అంతే. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

మేడం గారి మాట

రఘునాథరెడ్డి గారి తర్వాత మేనేజరుగా వచ్చినామె పద్మజ గారు. నిక్కచ్చి మనిషి. మా డిపోలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, విశ్రాంతి గది వచ్చింది ఆమె వల్లే. నేను చూసిన మంచి ఆఫీసర్లలో ఆమె ఒకరు. ముందే ఈ మాట చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఆమెను తిట్టేవాళ్ళను శానామందిని విన్నాను.

చేలో పడిన మర్నాడే మూతి బస్సు రోడ్డెక్కకూడదన్నారు.

వారం తర్వాత మూర్తి గారు చేతికి కట్టుతో వచ్చారు. "మేడం, విరిగింది నా చెయ్యి. నాకు ఏ ఫిర్యాదూ లేదు. మెల్లగా తిప్పండి. కొండ దారి వద్దు, జమ్మలమడుగు దాకా చాలు. ఎక్కేముందు మా బాధ్యత మాదేనని రాసిస్తాం," అన్నారు.

ఆమె ఆయనకు కాఫీ తెప్పించారు. మర్యాదగా వద్దన్నారు.

ఆయన వెళ్ళాక నేను లోపలికి పోయాను. "మేడం, బ్రేకులు మార్చొచ్చు. కొత్త పద్ధతివి బిగించొచ్చు. నేను దగ్గరుండి చేస్తాను. చదునైన రోడ్డు మీద తిప్పితే ఏమీ కాదు," అన్నాను.

"ఏమీ కాదని మీరు రాసిస్తారా సుబ్బయ్య గారూ?"

ఆమె మళ్ళీ అన్నారు. "నేను చిన్న ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒక డ్రైవరు ఇంటికి వెళ్ళి వాళ్ళావిడకు కబురు చెప్పాల్సి వచ్చింది. ఆమె నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, నేనెందుకొచ్చానో తెలియక. ఆ పని నేను మళ్ళీ చేయలేను. సరదా కోసం తిరిగే బండి గురించి అయితే అసలు చేయలేను."

నేను బయటికి వచ్చేశాను.

కానీ ఆమెకూ ఆ బండి తుక్కుకు పోవడం ఇష్టం లేదు. పాత బండ్లను వదిలించుకోమని పైనుంచి ఒత్తిడి వస్తోంది. అందుకే డిపో గేటు పక్కన సిమెంటు దిమ్మె కట్టించి, దాని మీద నిలబెడదామన్నారు. చుట్టూ పూలమొక్కలు, రాత్రి దీపాలు. "అందరూ చూస్తారు. ఎవరికీ ప్రమాదం లేదు. బండి వందేళ్ళు ఉంటుంది," అన్నారు. దిమ్మె మీద బరువు తగ్గాలని, ఎవరూ స్టార్టు చేసే పని లేకుండా ఉండాలని, ఇంజను, గేరుబాక్సు తీసేయమన్నారు.

"ఇంజను ఉండనీయండి మేడం. తాళం వేసి పెడతాం. రేపు ఇంకొకరు వస్తారు, తిప్పాలనుకుంటారు," అన్నాను.

"ఇంకొకరు వస్తారనే నా భయం," అన్నారామె.

మస్తాన్‌కు ఫోను చేసి చెప్పాను.

"ఎట్ల మామా? నేను వచ్చేస్తాండా కదా. మానేస్తానని కాగితాలు పెట్టినా. నేను వచ్చేదాకా ఇంజను తీయొద్దని చెప్పు. మెల్లగా నడుపుతా. మనుషులను ఎక్కించుకోను. ఒక్కణ్ణే డిపోలోనే తిప్పుకుంటా. చెప్పు మామా, మేడంకు చెప్పు."

చెప్పాను. ఆమె విన్నారు. పక్కరోజే క్రేను వస్తోందన్నారు.

వేరేవాళ్ళు అయితే గ్యాసు కట్టరుతో కోసేస్తారని, ఇంజను నేనే విప్పాను. ఒక్క బోల్టుకూ మరలు చెడకుండా విప్పాను. ఎందుకంత జాగ్రత్త అని నన్ను ఎవరూ అడగలేదు. విప్పిన ఇంజనును గ్యారేజీలో ఓ మూల పెట్టించమని అడిగాను. జాగా లేదన్నారు. తుక్కు వేలంలో మిగతా ఇనుముతో కలిసి లారీ ఎక్కింది. ఉద్యోగంలో నేను చేసిన చివరి పెద్ద పని అదే. ఓబులేసు ఆ వారం డ్యూటీకి రాలేదు.

చూసిపోయినవాళ్ళు

నేను రిటైరైన కొన్నాళ్ళకు మస్తాన్ కువైట్ మానేసి వచ్చేశాడు. అదే సమయంలో మూర్తి గారు ఫోను చేసి, వాళ్ళ బృందం వస్తోందన్నారు. అందరం డిపో గేటు దగ్గర కలిశాం.

దిమ్మె మీద బస్సు మెరిసిపోతోంది. సొట్ట కనబడకుండా కొత్త రంగు వేశారు. చుట్టూ కమ్మీలు, 'ఎక్కరాదు' అని బోర్డు. ఒక కొత్త పెళ్ళి జంట దాని ముందు ఫొటో దిగుతోంది.

మస్తాన్ కమ్మీలు దాటాడు. కాపలా మనిషి కేకేస్తే నేను ఆపాను. వాడు డ్రైవరు సీట్లో కూర్చుని క్లచ్ మీద కాలు పెట్టాడు. ఇంజను లేని క్లచ్‌కు బిగువు ఉండదు, కాలు ఊరికే నేలకు దిగిపోతుంది. దిగిపోయిన కాలును అలాగే ఉంచి కూర్చున్నాడు. ఎంతసేపటికో కిందికి వచ్చాడు.

"శవం మామా," అన్నాడు.

మేము వచ్చామని తెలిసి పద్మజ గారు బయటికి వచ్చారు. మూర్తి గారి చెయ్యి ఎలా ఉందని అడిగారు. తర్వాత బస్సు వైపు చూపించి, "ఎలా ఉందండీ?" అన్నారు. ఆమె గొంతులో కొంచెం ఆశ ఉంది. ఆ దిమ్మె కోసం ఆమె పడిన కష్టం నాకు తెలుసు.

మూర్తి గారు మర్యాదస్తులు. "చాలా శుభ్రంగా ఉందండీ," అన్నారు.

వెంట వచ్చినవాళ్ళలో ఒక్కరూ ఫోను బయటికి తీయలేదు. పద్మజ గారు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూశారు. మేము కదులుతుండగా నన్ను పక్కకు పిలిచారు.

"సుబ్బయ్య గారూ, ఇంజను మళ్ళీ దొరుకుతుందా?"

"కరిగించేసి ఉంటారు మేడం."

ఆమె తల ఊపి, లోపలికి వెళ్ళిపోయారు.

బండిని కాపాడాలని ఆమె అనుకున్నారు. మనుషులను కాపాడాలని కూడా అనుకున్నారు. రెండూ తప్పు కాదు. కానీ ఎక్కి తిరగడానికి పుట్టిన వస్తువును ఎవరూ ఎక్కకుండా చేస్తే అది ఉన్నట్టా? ఈ ప్రశ్నకు నాకు జవాబు తెలుసు, ఆ రోజు ఆమె గదిలో దాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పే మాట మాత్రం దొరకలేదు. మీకు ఎప్పుడైనా ఇలాంటి బండి చేతికి వస్తే, భయపడే ఆఫీసరుతో పోట్లాడకండి. ఎక్కేవాళ్ళ మధ్యన ఒక్కసారి కూర్చోబెట్టి తిప్పండి. మేము పద్మజ గారిని ఒక్కసారైనా ఎక్కించలేదు.

బస్టాండుకు నడిచాం. ఇక ఊళ్ళకు పోవడమే అనుకున్నాను. మూర్తి గారు ఆగి, జమ్మలమడుగుకు పోవడానికి సిద్ధంగా ఉన్న మామూలు బస్సు వైపు చూశారు. అరిగిపోయిన బండి. ఒక కిటికీకి అద్దం లేదు.

"ఇదెక్కుదామా?" అన్నారు.

వాళ్ళంతా ఎక్కేశారు, వెనకే నేనూ ఎక్కి నిలబడ్డాను. మార్కెట్టు నుంచి తిరిగిపోతున్న ఆడవాళ్ళ గంపల మధ్య సర్దుకుని కూర్చున్నారు. మస్తాన్ ఇంజను పక్కన సీటు పట్టుకున్నాడు. కండక్టరమ్మ ఈ టోపీల వాళ్ళను చూసి, "యాడికి సార్ అందరూ?" అంది. "ఎక్కడికీ లేదమ్మా, జమ్మలమడుగు దాకా పోయి వచ్చేస్తాం," అన్నారు మూర్తి గారు. ఆమె నవ్వు ఆపుకుంటూ టికెట్లు కొట్టింది.

బండి ఊరు దాటింది. కాసేపటికి మస్తాన్ నావైపు తిరిగాడు.

"మామా, ఈ బండి ఇంకెన్నాళ్ళుంటాది?"

అది మా గ్యారేజీ బండే. నేను ఉన్నప్పుడే తుక్కుకు పంపే కండెమ్ జాబితాలోకి పోయింది.

"ఇయ్యేడు గడిస్తే గొప్పే అబ్బీ."

వాడు జరిగి, తన పక్కన చోటు చేశాడు.

"ఈడికొచ్చి కూసో మామా. ఉన్నంతసేపన్నా విందాం."